నా దగ్గర దాచిన దీక్ష

ఫోర్‌మన్ కొట్టిన మొదటి దెబ్బకే నేపాలీ చెవిలోంచి నెత్తురు కారింది. రెండో దెబ్బ పడేలోపు అతను తలమీది మట్టితట్ట దించి జాగ్రత్తగా పక్కన పెట్టాడు. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. మూడో దెబ్బకు కిందపడ్డాడు, లేచి మళ్లీ అలాగే నిలబడ్డాడు. మట్టిలో గడ్డి సరిగ్గా కలవలేదన్నది అతని నేరం. ఆ మట్టి కలిపింది నేను.

పార పట్టుకుని లేచాను. మాలో వయసులో పెద్దవాడు ఒకాయన ఉండేవాడు, సిరిసిల్ల వైపు మనిషి. అందరం పెద్దాయనా అనే పిలిచేవాళ్లం. ఆయన నా నడుం పట్టుకుని వెనక్కి లాగకపోతే ఆ రోజే ఏదో ఒకటి అయిపోయేది. నాకు చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. పెళ్లిళ్లలో, బస్టాండుల్లో, ఆఖరికి మా బామ్మర్ది కొడుకు నామకరణంలో కూడా కొట్లాడినవాణ్ణి. ఒక మనిషి చేతులు కట్టుకుని తన్నులు తింటుంటే చూడటం నా వల్ల కాదు. కొట్టినవాడి కంటే తిన్నవాడి మీదే నాకు ఎక్కువ మండింది.

మేం పనిచేస్తున్నది సౌదీలో, హుఫూఫ్ ఊరి పక్కన, ఖర్జూరం తోటల మధ్య, ఒక గుట్ట కింద. ఒక ముసలి అరబ్బు తన తాతల నాటి మట్టి ఇంటిని మళ్లీ నిలబెట్టాలనుకున్నాడు. ఇల్లంటే చుట్టూ ఎత్తైన ప్రహరీ, ఒక మూలన బురుజు, రాకపోకలకు ఒకే ఒక్క పెద్ద తలుపు. దానికి కాస్త దూరంలో, గోడలోనే వంగి దూరేంత చిన్న తలుపు ఇంకొకటి. వెనుకటికి దోపిడీల భయంతో అలా కట్టుకున్నారట. కాంట్రాక్టు మా కంపెనీకి దొరికింది. జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లం కొందరం, ఈ నేపాలీ ఒక్కడు. పని అక్కడే, పడక అక్కడే. ఫోర్‌మన్ కూడా మా జిల్లావాడే కావడం మా ఖర్మ.

ఆ రోజు అన్నం దగ్గర నేపాలీని నిలదీశాను. "ఏందిరా, నీకు చేతుల్లేవా?" అని హిందీలో అడిగాను. అతను తడిగుడ్డతో చెవి తుడుచుకుంటూ నవ్వాడు. నన్ను దాయ్ అనేవాడు, వాళ్ల భాషలో అన్న అని.

"ఉన్నయి దాయ్. దీక్షకు ఇచ్చేసిన" అన్నాడు.

అతని హిందీ ముక్కలు ముక్కలుగా ఉండేది. నేను దాన్ని మావాళ్లకు మా యాసలో తిప్పి చెప్పేవాణ్ణి. అందుకే ఈ రోజుకీ నా చెవుల్లో అతను కరీంనగర్ మాటే మాట్లాడతాడు, అతని కథలోని లామాలు కూడా. అతను చిన్నప్పుడు కొండల్లో ఒక బౌద్ధ మఠంలో చేరాడు. ఇంట్లో తిండి లేక కిందికి దిగివచ్చినప్పుడు కాషాయం, మిగతా నియమాలు అన్నీ లామాకు అప్పగించేశాడు. ఒక్కటి మాత్రం ఇవ్వబుద్ధి కాలేదట. ఎవరి మీదా చెయ్యెత్తనన్న దీక్ష. అది ఒక్కటైనా దగ్గరుంటే, ఎప్పటికైనా మళ్లీ ఆ మఠంలోకి పోయే నిచ్చెన ఎక్కనిస్తారని అతని ఆశ. ఇల్లు కట్టుకోవాలి, ఇద్దరు చెల్లెళ్ల బాధ్యత తీర్చాలి, తర్వాత పైకి పోవాలి. మేమంతా ఇంటికి పోవాలని లెక్కలు వేసుకుంటుంటే ఇతను మఠానికి పోవాలని వేసుకునేవాడు.

మాకు ఈ మాట కొత్తగా అనిపించలేదు. మా దగ్గర కొండగట్టు అంజన్న మాల వేసుకున్నవాడు కూడా చెయ్యెత్తకూడదు. మధ్యలో ఏదైనా అవసరం పడితే గురుస్వామి ముందు మాల తీసి దేవుడి దగ్గర పెట్టేస్తారు. అంతటితో సరి, దాని బరువు ఇంకెవరి మీదా ఉండదు. నేపాలీది కూడా అలాంటిదే అనుకున్నాను.

ఆ మఠం కథ అతను రోజూ అన్నం వేళ కొంచెం కొంచెం చెప్పేవాడు. కింద నది, నది ఒడ్డున ఉప్పు మోసుకుపోయే బేరగాళ్ల దారి, పైన నిలబడటానికి ఉన్నది ఒకే ఒక్క గట్టు. అక్కడ కోట కడతానని ఆ లోయ రాజు పట్టుబట్టాడు, మఠం కడతానని లామా పట్టుబట్టాడు. ఇద్దరి మనుషులూ కొన్నేళ్లపాటు ఒకరి గోడలు ఒకరు పడగొట్టుకున్నారు. ఆఖరికి విసిగిపోయి ఇద్దరూ కలిసి ఒకటే కట్టారు. కింద ధాన్యం, మధ్యలో బుద్ధుడు, పైన శత్రువుల నెత్తిన వేయడానికి రాళ్లు. గోడలు కింద ఏనుగంత మందం, పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. కింది అంతస్తుకు కిటికీలే లేవు. మెట్లూ లేవు, చెట్టు మొద్దుకు గాట్లు పెట్టి చేసిన నిచ్చెన ఒకటే. దాన్ని పైకి లాక్కుంటే పిల్లి కూడా ఎక్కలేదు. కాపలా దేవుడి గదిలో పాత కత్తులు, డాళ్లు వేలాడుతుంటాయట. ఇంక ఎవర్నీ చంపమని మొక్కుకుని జనం తెచ్చి ఇచ్చినవి.

"మరి లామాలే కొట్లాడిన్రా?" అని పెద్దాయన అడిగాడు.

"కొట్లాడిన్రు. ఆ కథ తర్వాత చెప్త" అన్నాడు నేపాలీ. అతను అది చెప్పేనాటికి అలాంటి పరిస్థితే మామీదికీ వచ్చింది.

నితాకత్ మొదలైంది. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలని రూలు, లేకపోతే ఆ కంపెనీ ఎర్ర రంగులో పడుతుంది. మాది పడింది. ఎర్రలో పడ్డ కంపెనీకి మా ఇఖామాలు, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ చేయించే వీల్లేదు. మమ్మల్ని పద్ధతిగా ఇంటికి పంపడమో, వేరే కంపెనీకి రాసివ్వడమో చేయాలి. దానికంటే సులువైన దారి ఫోర్‌మన్‌కు తెలుసు. పనివాళ్లు పారిపోయారని హురూబ్ రాయిస్తే చాలు, కంపెనీకి మాతో సంబంధం తెగిపోతుంది. ఆ రాత పడ్డవాణ్ణి ఎక్కడ దొరికితే అక్కడ పట్టి జైల్లో వేస్తారు, మళ్లీ దేశంలోకి రానివ్వరు. కాకపోతే పారిపోయారని రాయాలంటే మేం ఆ ఇంట్లో కనిపించకూడదు. అందుకని ముందు మమ్మల్ని రోడ్డు మీదికి వెళ్లగొట్టాలి.

ఇదంతా మాకు విడమరచి చెప్పింది నీళ్ల ట్యాంకర్ డ్రైవరు, హైదరాబాదీ తురకాయన. "గేటు దాటి బయటికి పోవద్దు భాయ్. మోహలత్ నడుస్తున్నది, కాయితాలు సరి చేసుకోనీకె సర్కారు గడువు ఇచ్చింది. నేను పోయి ఇంటి ముసలాయనకు చెప్త, ఆయన లేబర్ ఆఫీసోళ్లను తీసుకొస్తడు. వాళ్లు వచ్చి చూసేదాక లోపట్నే కూసోండ్రి" అన్నాడు. తెల్లారి నుంచి ఫోర్‌మన్ ఆయన ట్యాంకర్‌ను రానివ్వలేదు. కరెంటు కూడా పోయింది.

మేం పెద్ద తలుపు మూసి దాని వెనక మట్టి ఇటుకలు పేర్చాం. ఫోర్‌మన్ మనుషులు ప్రహరీ మీదుగా రాళ్లు విసిరేవాళ్లు. ఒకడికి నుదురు పగిలింది, ఒకడికి కాలివేళ్లు నలిగాయి. డ్రమ్ములో మిగిలిన నీళ్లు గ్లాసుతో కొలిచి తాగుతున్నాం. గుమ్మం అవతలనుంచి ఫోర్‌మన్ గొంతు మాత్రం ఆగేది కాదు. "ఎన్ని రోజులు దాక్కుంటర్రా? ఎండకు మీరే మాడి బయటికొస్తరు" అని అరిచేవాడు. నేను లోపలినుంచి వాడి వంశం మొత్తాన్నీ తిట్టేవాణ్ణి. బురుజు నీడలో కూర్చుని నేపాలీ మిగతా కథ చెప్పింది అప్పుడే.

దక్షిణం నుంచి సైన్యం వచ్చిందట. నిచ్చెన పైకి లాగేశారు, సైన్యం కింద గుడారాలు వేసుకుంది. మఠానికి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో బయటివాళ్లకు తెలియదు. తొలిచిన దుంగలను వరసగా భూమిలో పాతిపెట్టి, పై ఊటనుంచి లోపలికి నీళ్లు తెచ్చుకునేవాళ్లు. సైనికులు ఒక గొర్రెలకాపరిని పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే కోస్తూ అడిగారు. అతను చెప్పేశాడు. వాళ్లు దుంగలు పగలగొట్టి, ఊటలో చచ్చిన గుర్రాన్ని పడేశారు. లోపల లామాలు తెల్లవారుజామున గోడల మీది మంచు నాకారు. దేవుడికి పెట్టిన పిండిముద్దలు తిన్నారు. పిల్లల్లాంటి సన్యాసులు దాహంతో నాలుకలు వాచి చచ్చిపోతుంటే, పడుచువాళ్లు కొందరు పెద్దలామా ముందుకొచ్చి నిలబడ్డారు. దీక్షలో ఉండి మనిషిని చంపకూడదు. అందుకని, "మా దీక్ష నీ దగ్గర పెడుతున్నం, ఉంచు" అన్నారు. ఆయన ఒక్కొక్కరి తలమీదా చెయ్యిపెట్టి తీసుకున్నాడు. వాళ్లు కాపలా దేవుడి గదిలోకి పోయి కత్తులు దించుకున్నారు.

నిచ్చెనలు వేసుకుని ఎక్కినవాళ్ల చేతులు గోడ అంచున పడ్డవి పడ్డట్టే నరికేశారట. కాగిన గంజి మొహాల మీద పోశారు, కళ్లలో బూడిద చల్లారు. సైన్యం కింద ధాన్యపు గదికి నిప్పు పెట్టింది. ఆ పొగ మసి ఇప్పటికీ గోడమీద ఉందని నేపాలీ చేయెత్తి చూపించాడు, మా బురుజు గోడమీద ఉన్నట్టే. చివరికి సైన్యం వెళ్లిపోయింది. దీక్ష ఇచ్చి వెళ్లినవాళ్లలో బతికి వచ్చినవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లకైనా పెద్దలామా వెంటనే దీక్ష తిరిగి ఇవ్వలేదు. ఎవర్ని కొట్టారో వాళ్ల ముందు, చచ్చినవాడైతే వాడి బొంద ముందు, తలవంచి మాఫీ అడిగి రావాలి. ఆ తర్వాత చేతులు జోడించి మూడుసార్లు అడగాలి. తిరిగిరాని వాళ్ల దీక్షలన్నీ ఆ ముసలాయన దగ్గరే ఉండిపోయాయి. చచ్చేదాకా వాటిని మోశాడట. చలిలో ఒంటి మీద పేను పాకినా దులుపుకునేవాడు కాదట.

"ఎంత పిచ్చోడు" అన్నాను నేను.

డ్రమ్ము అడుగంటిన పొద్దున ఫోర్‌మన్ పికప్ నిండా మనుషుల్ని వేసుకుని వచ్చాడు. చేతుల్లో ఇనుపచువ్వలు. పెద్ద తలుపు జోలికి పోకుండా, మేం ఇటుకలు పేర్చడం మరిచిపోయిన ఆ చిన్న తలుపును గునపంతో పెకిలించారు. దాని పక్కనే పడుకున్న పెద్దాయన కాళ్లు వాళ్లకు దొరికాయి. లాగడం మొదలుపెట్టారు. ఆయన నడుందాకా బయటికి పోయాడు. నేను భుజాలు పట్టుకుని లోపలికి గుంజాను. అటు ఫోర్‌మన్ చువ్వతో ఆయన మోకాళ్ల మీద కొడుతున్నాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన, "నన్ను ఇడ్వకురా, బైట పడితే నా బతుకు బర్బాదైతది" అని ఏడుస్తున్నాడు.

ఆయన భుజాలు పక్కవాడికి అందించి నేనూ ఒక చువ్వ అందుకున్నాను. ఆ తలుపులోంచి దూరి ఫోర్‌మన్ తల పగలగొట్టాలన్నది తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు. నేపాలీ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"దాయ్, నా దీక్ష తీసుకో."

"లామాకు ఇయ్యాలె గదరా?"

"లామానే కావాలని లేదు. మాట సమజయ్యే మనిషి ఉంటె చాలు."

"ఇయ్యి. జల్ది ఇయ్యి" అన్నాను. మాల తీసి పక్కన పెట్టినట్టే కదా అనుకున్నాను.

అతను వాళ్ల భాషలో గబగబా ఒక ముక్క చదివి నా గుండె మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత నా చేతిలోంచి చువ్వ లాక్కున్నాడు. "ఇప్పుడది నీ దగ్గరుంది. ఇగ నువ్వు కొట్టొద్దు. నువ్వు చెయ్యెత్తినవంటే అది పోతది. నాకు తిరిగి ఇయ్యనీకె ఏం మిగలదు" అని చెప్పి, వంగి, పెద్దాయన మీదుగా ఆ చిన్న తలుపులోంచి బయటికి దూరాడు.

నా జన్మలో నన్ను ఎవరూ అంత మోసం చేయలేదు.

మళ్లీ పెద్దాయన భుజాలు పట్టుకున్నాను. ఆ సందులోంచి నాకు అంతా కనిపించింది. మొదటివాడి దవడ మీద చువ్వ పడింది, వాడు పళ్లు ఉమ్ముకుంటూ కూలబడ్డాడు. రెండోవాడు వెనకనుంచి నేపాలీ వీపు మీద కొట్టాడు. నేపాలీ తిరిగి వాడి కడుపులో పొడిచాడు. ఫోర్‌మన్ పెద్దాయన కాళ్లు వదలలేదు. నేపాలీ అతని మోచేతి మీద కొట్టాడు, మళ్లీ అక్కడే కొట్టాడు. చెయ్యి పక్కకు వేలాడింది. ఫోర్‌మన్ అరిచిన అరుపు తోటల అవతలిదాకా వినిపించి ఉంటుంది. పట్టు వదిలింది, మేం పెద్దాయనను లోపలికి లాగేశాం. ఈలోపు ఎవడో సందులోంచి చువ్వ దూర్చి నన్ను పొడిచాడు. మూతి పగిలింది, ముందు పళ్లు ఊడాయి. నేను తిరిగి కొట్టలేదు, ఆయన భుజాలూ వదలలేదు. తిట్టాను. తిట్టకూడదని అతను చెప్పలేదు మరి.

అప్పుడు ఇంటి ముసలాయన, ట్యాంకర్ డ్రైవరు, వాళ్ల వెనక లేబర్ ఆఫీసువాళ్లు, పోలీసులు వచ్చారు. మమ్మల్నందర్నీ ఇంటి లోపలే చూశారు. ఇంక పారిపోయారని రాయడానికి వీల్లేదు. నేపాలీ ఒక్కడే తలుపు అవతల, చేతిలో నెత్తుటి చువ్వతో దొరికాడు. అతనికి బేడీలు వేశారు.

బండి వెంట పరిగెత్తాను. "అడుగురా! మూడుసార్లు అడుగు, ఇచ్చేస్త" అని అరిచాను. అతను ఊచల వెనకనుంచి తల అడ్డంగా ఊపాడు. "ముందు వాన్ని మాఫీ అడగాలె. ఇంకోటి, పొయ్యే జాగల నాకు చేతులు అవసరం పడ్తయి దాయ్. నీ దగ్గర్నే ఉండనియ్యి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పళ్లు ఊడిన నొప్పికి అని మావాళ్లకు చెప్పాను.

మాకు వేరే కంపెనీ దొరికింది, బురైదాకు మారాం. పెద్దాయన కుంటుకుంటూ ఇంటికి పోయాడు. నేపాలీని తర్హీల్ నుంచి, అంటే వెనక్కి పంపేవాళ్లను ఉంచే జైలు నుంచి, వాళ్ల దేశం పంపేశారని కొన్నాళ్లకు తెలిసింది. ఫోన్ చేశాడు. జైల్లో తన్నులు తిన్నానని, తన్నానని కూడా చెప్పాడు. ఊరికి పోగానే మఠానికి వెళ్లాడట. నిచ్చెన దగ్గరే లామా ఆపేశాడట. "దీక్ష ఎవని దగ్గర పెట్టినవో వాని దగ్గర అడుక్కో. అంతకంటే ముందు కొట్టినోని దగ్గరికి పో" అన్నాడట. ఫోన్లో అడిగినా చెల్లుతుందట, మాట అర్థమైతే చాలట. తను కొట్టిన మిగతావాళ్లందర్నీ ఎలాగో దొరికించుకుని మాఫీ అడిగేశాడు, కానీ ఫోర్‌మన్ ఒక్కడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. నేపాలీ మఠం కిందనే గాడిదలు తోలుకుంటూ ఉండిపోయాడు. ఫోన్ చేసినప్పుడల్లా మొదట ఒకటే మాట అడిగేవాడు.

"ఉందా దాయ్?"

"ఉంది. సావనిస్తలేదు" అనేవాణ్ణి.

నిజంగానే సావనివ్వలేదు. బురైదాలో వంటవాడు నా మీద వేడి పప్పు ఒలికించి నవ్వాడు. తోటలో ఒకడు నా మొహాన ఉమ్మాడు. ఒక సూపర్‌వైజరు మా గదివాణ్ణి చెప్పుతో కొట్టాడు. ప్రతిసారీ నా చెయ్యి సగందాకా లేచి ఆగిపోయేది. కొండల్లో ఒకడు నిచ్చెన కింద నిలబడి ఉన్నాడని గుర్తొచ్చేది. కోపం పోయిందనుకునేరు, పోలేదు. కడుపులో అరగని ముద్దలా అక్కడే ఉండేది. గదిలో నన్ను స్వామీ స్వామీ అని ఆటపట్టించేవాళ్లు. సెలవుకు ఇంటికి పోతే, సంతలో ఒకడు నా కాలు తొక్కినా ఊరుకున్నానని మా ఆవిడ నన్ను డాక్టరుకు చూపిస్తానంది.

తర్వాత లెవీలు వచ్చాయి. మనిషికింత అని కంపెనీ మీద, ఇంట్లో పెళ్ళాంపిల్లలు ఉంటే తలకింత అని వాళ్ల మీద. కంపెనీలు మనుషుల్ని దులుపుకున్నాయి. నాకూ ఇంక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. దమ్మాం ఎయిర్‌పోర్టులో సామాను లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒకడు పెళ్లాన్నీ ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని, పెద్దపెద్ద సూట్‌కేసులు ఒక్క చేత్తో జరుపుకుంటున్నాడు. రెండో చెయ్యి మోచేతి దగ్గర వంకరగా బిగుసుకుపోయి ఉంది.

ఫోర్‌మన్.

నా ఒళ్లంతా మంట పుట్టింది. పెద్దాయన మోకాలు విరిగిన చప్పుడు మళ్లీ వినిపించింది. వాడు నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. నేను జేబులోంచి ఫోన్ తీసి నేపాలీకి కలిపి, వాడి చెవి దగ్గర పెట్టాను. "నీ చెయ్యి ఇరగ్గొట్టినోడు. నీతోని మాట్లాడ్తడట" అన్నాను.

నేపాలీ హిందీలో ఏం చెప్పాడో నాకు పూర్తిగా వినపడలేదు. మాఫీ, మాఫీ అన్నది మాత్రం వినిపించింది. ఫోర్‌మన్ మొహం ఎర్రబడింది. "నీ మాఫీ నాకెందుకురా? నా చెయ్యి తెచ్చిస్తవా?" అని బూతులు తిట్టాడు. అవతల నేపాలీ అడ్డురాకుండా అన్నీ విన్నాడు. వాడు తిట్టి తిట్టి, ఊపిరి అయిపోయాక ఫోన్ నాకు ఇచ్చేశాడు.

"వాడు మాఫీ చెయ్యలే" అన్నాను.

"చెయ్యాలని లేదు దాయ్. నేను అడగాలె, అంతే" అన్నాడు. తర్వాత తన దీక్ష తిరిగి ఇమ్మని అడిగాడు. మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగేటప్పుడు ఏడుస్తున్నాడు. గాడిద మెడలో గంట చప్పుడు వినిపిస్తోంది. నేను ఎయిర్‌పోర్టు లైన్లో అందరి మధ్యా నిలబడి, "తీస్కో. నీది నీకు ఇచ్చేసిన. పో, నిచ్చెన ఎక్కు" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఇన్నేళ్ల తర్వాత నా చేతులు నావి అయ్యాయి. ఫోర్‌మన్ మూరెడు దూరంలో ఉన్నాడు. చెయ్యి లేచింది, ఈసారి పూర్తిగా లేచింది. వాడు భయంతో మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయాడు. ఆ వంకర చెయ్యి గుండెదాకా వచ్చి ఆగిపోయింది, అంతకంటే పైకి రాలేదు. వాడి చిన్నకూతురు నన్నే చూస్తోంది.

నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో నాకే తెలియదు, అందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. వాడి సూట్‌కేసు ఎత్తి బెల్టు మీద పడేశాను, హ్యాండిల్ ఊడేలా గట్టిగా పడేశాను. ఆ రాత్రి విమానంలో నేపాలీ మెసేజ్ చూశాను. నిచ్చెన మొద్దు ఫొటో పంపాడు, గాట్ల దగ్గర అరిగి నున్నగా ఉంది. పైకి ఎక్కానని చెప్పాడు. అతనిది అతనికి మొత్తం ఇచ్చేశానా, కొంత నా దగ్గరే మిగిలిపోయిందా అని అప్పటినుంచీ నాకు అనుమానంగానే ఉంది.